మొదటి వద్దు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యగారూ క్షేమం. అమ్మాయి హాస్టల్లో క్షేమంగా ఉన్నానని చెబుతోంది, మేం నమ్ముతున్నాం. మీరు వేళకి తిని వేళకి పడుకుంటున్నానని రాశారు, అది మాత్రం నమ్మలేకపోతున్నాం. మొన్న మీరు పంపిన ఫోటోని అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, బుగ్గలు లోపలికి పోయాయని తేల్చేశారు. ఆవిడ మాటకి తిరుగులేదు కదా.

వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నా, అక్కడ మీ గదిలో ఎప్పుడూ నలుగురు ఉంటారు, ఇక్కడ స్పీకరు పెట్టమని మీ అమ్మగారు పక్కనే కూర్చుంటారు. అందుకే అసలు మాటలు ఉత్తరాలకి దాచుకోవడం మనకి అలవాటైపోయింది. ఉత్తరాల్లోనైనా ఆ అసలు మాటలు రాసుకుంటున్నామా అన్నది వేరే సంగతి. దాని గురించి చివర్లో రాస్తాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్యగారి మోకాలు ఫరవాలేదు. డాక్టరు రోజూ నడవమన్నాడు, ఆవిడ నడవనన్నారు, చివరికి వీధి మలుపు దాకా అని రాజీ కుదిరింది. వంటింటి కుళాయికి మీరు చెప్పినట్టే వాషర్ మార్పించాను. ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. ఆ చప్పుడుకి అంతగా అలవాటుపడ్డామేమో, కొన్నాళ్ళు ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. అమ్మాయి పరీక్షలు బాగానే రాసిందట. ఎంత బాగా రాసిందో ఫలితాలు వచ్చాక చూద్దాం.

ఇక అసలు ప్రశ్న. "రేవులో పని ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామంటున్నారు. ఉండమంటావా, వచ్చెయ్యమంటావా? నెలాఖరులోగా చెప్పాలి. నీ ఇష్టం" అని రాశారు. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంటుంది. కానీ ముందు మా క్లాసు పిల్ల ఒకదాని సంగతి చెప్పాలి. అది చెప్పకుండా రాస్తే నా కలం అలవాటు ప్రకారం పాత జవాబే రాసేస్తుంది.

మన పాత లాంగ్వేజ్ ల్యాబ్ ఇంకా ఉందా అని కూడా అడిగారు. ఈ ఉత్తరం అక్కడ కూర్చునే రాస్తున్నాను. వచ్చే వారానికి ఉండదు. మా విభాగాన్ని కొత్త భవనంలోకి మారుస్తున్నారు. అక్కడ గోడంత తెర, గుండ్రటి బల్లలు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు. ఇక్కడి బూత్‌లని వడ్రంగి ఒక్కొక్కటే విప్పి చెక్కపలకల్ని గోడకి చేర్చి పెడుతున్నాడు. ప్రస్తుతం టీకి వెళ్ళాడు. కిటికీ పక్కనున్న మీ బూత్ ఇంకా విప్పలేదు. దాని లోపలి పలక మీద ఎవరెవరో గీకిన పేర్లు చాలా ఉన్నాయి, మీది లేదు. మీరు బుద్ధిమంతులని నాకు అప్పుడే తెలుసనుకోండి.

పగలంతా వర్క్‌షాపులో పనిచేసి, ఎంత కడిగినా పోని గ్రీజు వాసనతో మీరు సాయంత్రం క్లాసుకి వచ్చేవారు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడాది. మాస్టారు ముందు బల్ల దగ్గర కూర్చుని, మీటలు నొక్కి ఈ బూత్‌ని ఆ బూత్‌తో కలిపేవారు. అలా కలిసిన ఇద్దరూ హెడ్‌ఫోన్లలో ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి. ఏ క్షణాన ఎవరి మాటలు వింటున్నారో తెలిసేది కాదు కాబట్టి ఆయనకి చెవి మాస్టారని పేరు. ముఖాలు కనబడవు. చెవిలో గొంతు ఒక్కటే. మీ గొంతు ముందు నాకు నచ్చలేదు, జలుబు చేసినవాడిలా మాట్లాడతాడేమిటి అనుకున్నాను. తీరా చూస్తే నిజంగానే జలుబు.

ఆ రోజు పాఠం ఒకే ఒక్క ప్రశ్న. "డూ యూ లైక్ టీ?" అందులో టీ తీసేసి ఇంకో మాట పెట్టి అడుగుతూ పోవాలి. అవతలివాళ్ళు పూర్తిగా జవాబు చెప్పాలి, ఊఁ అంటే కుదరదు. మీరు టీ గురించి అడిగారు, వాన గురించి అడిగారు, పుస్తకం గురించి అడిగారు. తర్వాత కాసేపు మీ ఊపిరి మాత్రం వినిపించింది. అప్పుడు "డూ యూ లైక్ మీ?" అన్నారు. అయినా పాఠం పాఠమే కదా, "యెస్, ఐ డూ" అన్నాను. వెంటనే మన ఇద్దరి చెవుల్లోనూ మూడో గొంతు పలికింది. "వెరీ గుడ్. నెక్స్ట్ పెయిర్."

మెట్ల దగ్గర మీరు చెమటలు తుడుచుకుంటూ "మాస్టారు విన్నారంటావా?" అన్నారు. వినకపోవడమేమిటి, మన పెళ్ళిలో ముందు వరసలో కూర్చుని అదే తల్చుకుని నవ్వుకున్నారాయన. ఆ రోజులు ఎంత బాగుండేవండీ! మన ఇద్దరికీ కలిపి గుప్పెడు ఇంగ్లీషు మాటలు వచ్చి ఉంటాయేమో. వాటితోనే జీవితానికి సరిపడా మాట్లాడేసుకున్నాం.

ఇప్పుడు ఆ మాస్టారి కుర్చీలో నేను కూర్చుని చాలా ఏళ్ళయింది. అయినా నేనేం పని చేస్తానో అత్తయ్యగారికి ఇప్పటికీ అర్థం కాదు. "మీ కాలేజీ పిల్లలు పెద్ద పెద్ద పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే చదివి వస్తారు కదే, ఇంక నువ్వు నేర్పేదేముంది?" అంటారు. చదవడం వచ్చు అత్తయ్యా, మాట్లాడటమే రాదు అంటే, "మీ క్యాంటీన్ పక్కనుంచి నడిస్తే చెవులు చిల్లులు పడతాయి, మాట రాకపోవడమేంటి!" అని కొట్టిపారేస్తారు. నిజమే, క్యాంటీన్లో సింహాలు, నా క్లాసులో పిల్లులు. వ్యాసం రాయమంటే పేజీలకి పేజీలు నింపుతారు, అందులో అసలు సంగతిని మాత్రం దీపం పెట్టుకుని వెతుక్కోవాలి.

వాళ్ళలో ఒకమ్మాయిని తోటివాళ్ళు గుసగుస అని పిలుస్తారు. వాళ్ళమ్మ నర్సు. ఎప్పుడూ రాత్రి డ్యూటీ. అమ్మ పగలు నిద్రపోయే ఇంట్లో పెరిగింది కాబట్టి ఈ పిల్లకి గొంతు తగ్గించి మాట్లాడటం చిన్నప్పుడే అబ్బింది. కానీ రాస్తుందండీ, ముత్యాల్లాంటి వాక్యాలు. దాని వ్యాసాలు దిద్దాలంటే నాకు ఎర్రకలం తీయబుద్ధి కాదు.

ఈ టర్మ్‌లో ఇంకో దేశపు విశ్వవిద్యాలయం నుంచి ఒకావిడ మా దగ్గరికి పాఠాలు చెప్పడానికి వచ్చింది. వేరు వేరు దేశాలవాళ్ళు కలిసి పనిచేసేటప్పుడు ఒకరి మాట ఇంకొకరికి ఎలా చేరుతుంది, ఎక్కడ దారి తప్పుతుంది అన్నది ఆవిడ పాఠం. ఏదైనా మొహం మీదే చెప్పేస్తుంది కాబట్టి పిల్లలు రెండో రోజుకల్లా సూటి దొరసాని అని పేరు పెట్టేశారు. ఒకడు తన వ్యాసం ఎలా ఉందని అడిగితే "బాగాలేదు. రెండో పేజీ మాత్రం బాగుంది" అందట. వాడు రెండో పేజీ గురించి వినిపించుకోనే లేదు. సాయంత్రం దాకా దిగాలుగా తిరిగాడు.

ఆ దొరసానికి గుసగుస రాత తెగ నచ్చింది. ఒకరోజు టీ విరామంలో పక్కకి పిలిచి, "వచ్చే టర్మ్‌కి మా దగ్గర ఒక విద్యార్థికి చోటుంది. ఫీజూ వసతీ మేమే చూసుకుంటాం. నిన్ను తీసుకెళ్ళాలని ఉంది. వస్తావా?" అని అడిగిందట. ఇది తలొంచుకుని నవ్వి, "వద్దు మేడమ్, నాకెందుకు, నాకంటే బాగా మాట్లాడేవాళ్ళున్నారు" అందట. "సరే, నీ నిర్ణయం నీది" అని ఆవిడ కప్పు కింద పెట్టి వెళ్ళిపోయిందట.

తర్వాత అది తిన్నగా నా గదికి వచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైందమ్మా?"

"మేడమ్, ఆవిడ మళ్ళీ అడగలేదు."

"నువ్వేమన్నావు?"

"వద్దన్నాను."

"అయితే ఇంకేం అడుగుతారే?"

"అంటే... ఒకసారి వద్దనాలి కదా మేడమ్. అడిగీ అడగ్గానే ఎగిరి గంతేస్తే ఏమనుకుంటారు? ఇంకోసారి అడుగుతారు కదా, అప్పుడు సరే అందామనుకున్నాను."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. అది పెరిగినట్టే నేనూ పెరిగాను కదండీ. ఎవరింటికైనా వెళ్తే, టీ తాగుతావా అనగానే "అబ్బే, ఇప్పుడే తాగి వచ్చాను" అనడం, వాళ్ళు బతిమాలితే "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని తాగడం. మొదటి వద్దు మర్యాదకి. రెండోది మొహమాటానికి. మూడోసారి చెప్పేదే జవాబు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, అయినా అందరికీ వచ్చేస్తుంది.

నేను దొరసాని దగ్గరికి వెళ్ళి, ఆ పిల్లకి రావాలని ఉంది, ఇంకొక్కసారి అడగమన్నాను. మా సంభాషణ ఇంగ్లీషులో సాగినా మీకు తెలుగులోనే రాస్తున్నాను.

"ఆమె వద్దంది కదా?" అంది ఆవిడ.

"మా పిల్లలు మొదటిసారి అలాగే అంటారు. అది వద్దని కాదు."

"మరి నిజంగా వద్దనుకునే అమ్మాయి ఏమంటుంది?"

"ఆమె కూడా వద్దనే అంటుంది."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"ముఖం చూస్తే తెలుస్తుంది."

"చూశాను. నవ్వుతోంది."

ఇన్నేళ్ళుగా పిల్లలకి మాటలు నేర్పుతున్న నేను, మా నవ్వులు వేరండీ అని గొణిగాను. ఆవిడ నామీద జాలిపడి, తన సంగతి చెప్పింది. వాళ్ళింట్లో వాళ్ళమ్మ ఒకసారి వద్దన్నాక మళ్ళీ అడిగితే, నా మాట మీద నీకు నమ్మకం లేదా అని నొచ్చుకునేదట. "ఆ అమ్మాయిని మళ్ళీ అడిగితే నేను ఆమె మాటని తోసిపారేసినట్టే. తనకి కావాలంటే తనే వచ్చి చెప్పనివ్వండి. సంతోషంగా వింటాను" అంది. ఆవిడది మొండితనం అనుకుని వెళ్ళాను. కాదు, అది ఆవిడ మర్యాద.

వెళ్ళి అడగవే అంటే గుసగుసకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నోరు తెరిచి నాకు కావాలని అడగడమా, ఛీ ఛీ అంది. పోనీ రాసి ఇవ్వు అన్నాను. రాసింది. ఆవిడ పాఠాలకి కృతజ్ఞత, ఆవిడ శ్రమకి విచారం, తన అర్హత మీద అనుమానం, ఆవిడ కుటుంబ క్షేమం, అన్నీ ఉన్నాయి. చోటు కావాలన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. ఇద్దరం కూర్చుని దిద్దాం. మర్నాడు మళ్ళీ దిద్దాం. నేనూ తక్కువ తినలేదు, "ఇక్కడ దయచేసి అని పెడితే బాగుంటుందేమో" అంటూ ఇంకో వాక్యం తగిలించాను. ఇంటికొచ్చి ఈ గొడవ చెబితే అత్తయ్యగారు మందు బిళ్ళ మింగుతూ, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. దొరసానేం పెడుతుంది? పోయి అడగమను దాన్ని" అన్నారు.

ఆ మాటతో నాకు బుద్ధొచ్చింది. పొద్దున్నే దాన్ని ఈ ల్యాబ్‌లోకి తీసుకొచ్చి బూత్‌లో కూర్చోబెట్టాను. నేను బల్ల దగ్గర మీట నొక్కి, దొరసాని గొంతుతో "ఏం కావాలి?" అన్నాను. "మేడమ్, మీరేమీ అనుకోకపోతే..." అని మొదలెట్టింది. మీట వదిలేశాను. మళ్ళీ నొక్కి అడిగాను. "మేడమ్, మీకు వీలుంటే..." మళ్ళీ వదిలేశాను. అలా ఎన్నిసార్లో! చివరికి దానికి ఒళ్ళు మండి, "నేను వద్దన్నాను. కానీ నాకు రావాలని ఉంది. నన్ను తీసుకెళ్ళండి!" అని ఇంగ్లీషులో ఒక్క అరుపు అరిచింది. హెడ్‌ఫోన్లు తీసి, ఇదే అరుపు దొరసాని దగ్గర అరవాలి, పద అన్నాను.

వెళ్ళింది. గుమ్మంలో నిలబడి అరిచిందట. కారిడార్లో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారట. అంతా విని దొరసాని కుర్చీలోంచి లేచి దాని చేతులు పట్టుకుంది. "ఆ చోటు నిన్న సాయంత్రమే ఇంకో అబ్బాయికి మాటిచ్చేశాను. నువ్వు నిన్న పొద్దున వచ్చి ఉంటే నీకే దక్కేది. వచ్చే ఏడాది నువ్వే దరఖాస్తు చెయ్యి. అప్పుడు ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేను" అందట. మనవాళ్ళైతే ఆ పిల్ల బాధ చూసి, చూద్దాంలే, ఏదో ఒకటి చేద్దాంలే అనేవాళ్ళు. ఆవిడ లేనిపోని ఆశ పెట్టలేదు.

తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. "పోయింది మేడమ్" అంది. "కానీ చెప్పేశాను. కారిడార్లో అందరూ విన్నారు" అని నవ్వబోయి ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకున్నాక మామూలు గొంతుతో, మామూలంటే అందరి గొంతులా, అడిగింది. "ఆ రెండు రోజులూ మనం ఎందుకు ఆగాం మేడమ్?"

వీపు నిమిరి పంపించాను. అప్పటినుంచీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదండీ, అది నాకూ తగిలింది కాబట్టి.

ఇప్పుడు దాచుకున్న మాట రాస్తున్నాను. నాలుగేళ్ళ క్రితం మీరు బయల్దేరిన రోజు గుర్తుందా? పెట్టె తాళం పాడైందని మీరు తాడు కడుతున్నారు, నేను మంచం మీద మీ చొక్కాలు మడత పెడుతున్నాను. మీరు తల ఎత్తకుండానే "నువ్వు వద్దంటే మానేస్తాను" అన్నారు. నేనూ తల ఎత్తకుండానే "నాదేముంది, మీ ఇష్టం. మంచి అవకాశం, వెళ్ళండి" అన్నాను. అని, మీరు ఇంకోసారి అడుగుతారని చూశాను. మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడత పెట్టాను. మీరు అడగలేదు. నేనొక్కదాన్నే ఎదురుచూశానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొన్న ఆ పిల్ల ఏడుస్తుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. మీరు కూడా కట్టిన తాడునే విప్పి మళ్ళీ కట్టారు. నేను వెళ్ళొద్దంటానేమోనని మీరూ చూశారు కదూ?

అప్పటినుంచీ మన ఉత్తరాలన్నిటిలో మీరు నీ ఇష్టం అని రాస్తారు, నేను మీ ఇష్టం అని రాస్తాను. ఎవరి ఇష్టం ఏమిటో మాత్రం ఇద్దరం రాయలేదు. ఆ బూత్‌లో కూర్చున్న రోజుల్లో మనకి ఇంగ్లీషు రాదు, అందుకని డొంకతిరుగుడూ రాదు. కావాలంటే కావాలనే అనాల్సి వచ్చేది. తెలుగు మరీ బాగా వచ్చు కాబట్టి దాని చాటున ఎంతకాలమైనా దాక్కోగలిగాం. తెలుగుదేం తప్పు లేదు పాపం. దాక్కున్నది మనం.

నేను ఆ రోజు వెళ్ళండి అన్నాను. నాకు మీరు వెళ్ళడం ఇష్టం లేదు. ఇప్పుడు ఇంకో రెండేళ్ళు ఉండటం అసలే ఇష్టం లేదు. వచ్చేయండి. అత్తయ్యగారి మోకాలి కోసం కాదు, అమ్మాయి కోసం కాదు, వాళ్ళిద్దరూ హాయిగానే ఉన్నారు. నా కోసం రండి. నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి మీరు లోపల ఎవరితోనో వాదిస్తూ వినబడాలి. రేడియో విప్పి మరలన్నీ బల్ల మీద పరిచారని నేను మిమ్మల్ని తిట్టాలి. అమ్మాయి చదువు ఎలా అని ఆలోచిస్తారు, నాకు తెలుసు. నా జీతంతో నడుస్తుంది. కాస్త ఇరుకుగా నడుస్తుంది, నడవనివ్వండి.

మీకు ఆ పని నచ్చి, అక్కడే ఉండాలని ఉంటే అదీ దాచకుండా రాయండి. బాధపడతాను, ఏడుస్తాను కూడా. కానీ ఒకటి ముందే చెబుతున్నాను. మీరు రానని రాస్తే, నేను మళ్ళీ అడుగుతాను. ఒక్కసారి విని ఊరుకోవడం ఆ దొరసానికి చేతనవునేమో గానీ, నాకు చేతకాదు.

ఇట్లు,
మీరు రావాలని కోరుకుంటున్న
మీ భార్య